టీచరమ్మకు ఉత్తరం: సీడెడ్ అంటే విత్తనాలు వేసిన నేలా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది జమ్మలమడుగు. డిగ్రీ అయిపోయి బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్నాను. రోజుకు ఇరవై ఇంగ్లీషు మాటలు, పక్కన తెలుగు అర్థాలు నోటుబుక్కులో రాసుకుని బట్టీ పడతాను. ఆదివారం మా తమ్ముడు పుస్తకం పట్టుకుని అడిగితే సగం కూడా చెప్పలేను. పోయిన వారం సీడ్, అనెక్స్, ఇండెమ్నిటీ, సబ్సిడీ, టారిఫ్ అన్నీ కలగాపులగం అయిపోయినాయి. నాకు చరిత్ర ఇష్టమే, కానీ రెండూ చదవడానికి టైము చాలడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, జమ్మలమడుగు

జవాబు: తల్లీ, చరిత్రకు ఒక గంట, మాటలకు ఒక గంట అని విడదీయొద్దు. నువ్వు రాసిన ఐదు మాటలూ చరిత్రలోంచి ఊడిపడినవే. వర్తకం కోసం రాజ్యాలు కొట్టుకున్న చోటల్లా వినిపించిన మాటలవి. ఎవరు ఎవరి దగ్గర ఏం గుంజుకున్నారో తెలిస్తే వాటి అర్థం వద్దన్నా గుర్తుంటుంది.

సినిమా విడుదలైన మర్నాడు వసూళ్లు 'నైజాంలో ఇంత, సీడెడ్‌లో ఇంత' అని పేపర్లో చూసే ఉంటావు. సీడెడ్ అంటే మన రాయలసీమే. నేను 31 ఏళ్లు ఈ జిల్లా హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పాను. ఏటా ఎవరో ఒక పిల్లాడు లేచి, 'సీడెడ్ అంటే విత్తనాలు ఏసిన నేలనా మేడమ్?' అని అడిగేవాడు. రైతుల పిల్లలు, చెవికి రెండు మాటలూ ఒకేలా వినిపిస్తాయి, వాళ్లకు అలా తోచడం సహజం. అప్పుడు నల్లబల్ల మీద మూడు పేర్లు రాసేదాన్ని: టిప్పు, నిజాం, కంపెనీ.

1792లో ఒకసారి, 1799లో ఇంకోసారి టిప్పు సుల్తాను ఓడిపోయినప్పుడు మన సీమలో చాలా భాగం నిజాం వాటాకు వచ్చింది. నిజాం తన రాజ్యంలో ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని పెట్టుకున్నాడు. దాని ఖర్చు ఆయనే భరించాలి. 1800లో ఆ ఖర్చు కింద డబ్బుకు బదులు బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చేశాడు. ఇలా ఒప్పందం మీద భూమిని, హక్కును వదులుకుని అవతలివాడి చేతిలో పెట్టడాన్నే 'సీడ్' అంటారు. పేపర్లో నువ్వు పక్కపక్కన చూసే నైజాం, సీడెడ్ ఒకే ఒప్పందంలోవి. ఇచ్చినవాడి పేరు ఒకటి, ఇచ్చిన నేల పేరు ఇంకొకటి. దీని నామవాచకం 'సెషన్'. అసెంబ్లీ సెషన్‌నూ దీన్నీ పలికేది ఒకేలా, స్పెల్లింగు వేరు. పరీక్షలో ఇక్కడే పట్టుకుంటారు, జాగ్రత్త.

ఈ సీడెడ్ జిల్లాలను తెలుగులో దత్తమండలాలు అన్నారు. దత్తం అంటే ఇచ్చినది. నాకు ఆ అనువాదం ఎప్పుడూ నచ్చలేదు. ఇందులో దానం ఏముంది? ఇచ్చినవాడు ఇష్టంగా ఇవ్వలేదు, ఇక్కడ బతికే జనాన్ని అడిగినవాడూ లేడు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరు ప్రతిపాదిస్తే మనవాళ్లు ఆనందంగా ఒప్పుకున్నది అందుకే. సినిమావాళ్ల లెక్కల్లో మాత్రం సీడెడ్ ఇంకా బతికే ఉంది.

ఇప్పుడు 'సబ్సిడీ' చూడు. అనంతపురంలో ఏ రైతునడిగినా వేరుశనగ విత్తనాల సబ్సిడీ, డ్రిప్పు సబ్సిడీ అని చెప్తాడు. మనకది ప్రభుత్వం ఇచ్చే రాయితీ. లాటిన్‌లో దీని మూలం 'సబ్సిడియం'. అవసరానికి ఆదుకోవడానికి వెనక నిలబెట్టుకున్న సైన్యం అని అర్థం. నిజాం ఖర్చు భరించిన కంపెనీ సైన్యాన్ని 'సబ్సిడియరీ ఫోర్స్' అనేవారు. ఆ పాత అర్థం తెలిస్తే 'సబ్సిడియరీ అలయన్స్', అంటే ఇలా కంపెనీ సైన్యాన్ని తన ఖర్చుతో పెట్టుకునే ఒప్పందం, అనే చరిత్ర బిట్టు కూడా దానంతటదే వచ్చేస్తుంది.

'అనెక్స్' కోసం కర్నూలు పో. 1800లో కర్నూలు నవాబు తన గద్దె మీదే ఉన్నాడు. 1839లో అప్పటి నవాబు గులాం రసూల్ ఖాన్ యుద్ధానికి ఆయుధాలు పోగేస్తున్నాడని నేరం మోపి, కంపెనీ ఆయన్ని పట్టుకుని రాజ్యాన్ని తనలో కలిపేసుకుంది. కడప విషయంలో ఒకడు ఇచ్చాడు, ఒకడు పుచ్చుకున్నాడు. కర్నూలు విషయంలో పుచ్చుకున్నవాడొక్కడే కనిపిస్తాడు. సీడ్ చేసేది పోగొట్టుకునేవాడు, అనెక్స్ చేసేది లాక్కునేవాడు. జీవో కాగితానికి వెనక తగిలించే 'అనెక్షర్' కూడా ఈ మాట తాలూకుదే. దేనికో ఒకదానికి తెచ్చి అతికించడం.

అదే 1839లో చైనాలో ఇంకో గొడవ మొదలైంది. ఇంగ్లండుకు చైనా టీ కావాలి. చైనావాళ్లు వెండి తప్ప వేరే సరుకు పెద్దగా తీసుకోరు. వెండి తరిగిపోతుంటే, మన బీహారు, కాశీ వైపు రైతులు పండించిన నల్లమందును కంపెనీ కలకత్తాలో వేలం వేసేది. కొన్నవాళ్లు దొంగచాటుగా చైనాకు చేరవేసేవాళ్లు. చైనా చక్రవర్తి పంపిన లిన్ జెషూ అనే అధికారి 20,000కు పైగా పెట్టెల నల్లమందును పట్టుకుని, హ్యూమెన్ అనే చోట ఉప్పు, సున్నం కలిపిన నీళ్లలో మూడు వారాల పాటు కరిగించి సముద్రంలోకి వదిలించాడు. దానికి బదులుగా ఇంగ్లండు యుద్ధనౌకలు పంపింది. 1842లో నాన్‌కింగ్ ఒప్పందం మీద చైనా సంతకం పెట్టాల్సి వచ్చింది. హాంకాంగ్ దీవిని సీడ్ చేసింది. మన నేల గురించి వాడిన మాటే అది. దానితో పాటు 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్లు కట్టమన్నారు. అందులో 60 లక్షలు ఆ నల్లమందు ఖరీదు! విషం అమ్మినవాళ్లకే నష్టపరిహారం ఇప్పించారు. ఇది చెప్పేటప్పుడు ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు కడుపు మండుతుంది.

ఆ డబ్బుకే 'ఇండెమ్నిటీ' అని పేరు. లాటిన్‌లో 'డామ్నమ్' అంటే నష్టం. మనం రోజూ అనే డ్యామేజీ కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. నష్టం లేకుండా చేస్తానని పూచీ పడడం ఇండెమ్నిటీ. మా ఆయన పోయాక ఆయన డిపాజిట్ రసీదు ఎంత వెతికినా దొరకలేదు. బ్యాంకులో నా చేత ఇండెమ్నిటీ బాండు మీద సంతకం పెట్టించుకున్నారు. రేపు ఆ రసీదు పట్టుకుని ఎవరైనా వస్తే బ్యాంకుకు కలిగే నష్టం నేను భరిస్తానని దాని సారాంశం. నువ్వు బ్యాంకులో చేరితే ఈ కాగితం నీ చేతిలోకి వస్తూనే ఉంటుంది.

హాంకాంగ్ వదిలిపెట్టే ముందు ఇంకొక్కటి. దీవిని 1842లో సీడ్ చేయించుకున్నారు, ఎదురుగా ఉన్న కౌలూన్‌ను 1860లో. 1898లో పక్కనున్న పెద్ద భూభాగాన్ని మాత్రం 99 ఏళ్లకు లీజు తీసుకున్నారు. ఆ లీజు ముగిసిన 1997లోనే మొత్తం హాంకాంగ్ చైనాకు తిరిగి వచ్చింది. సీడ్‌కు గడువు లేదు, లీజుకు ఉంది.

టారిఫ్ సులువు. లాడ్జిలో గది అద్దెల బోర్డు మీద చూసి ఉంటావు. అరబ్బీలో 'తారీఫ్' అంటే తెలియజేయడం. ఏ సరుకుకు ఎంత సుంకమో తెలిపే పట్టీ అని ఇటలీ మీదుగా ఇంగ్లీషులోకి పోయింది. మా కడపలో ఉర్దూ మాట్లాడేవాళ్లు మెచ్చుకోవడాన్ని తారీఫ్ అంటారే, మాట అదే.

నీ నోటుబుక్కులో తెలుగు అర్థం గడి కొట్టేయి. దాని బదులు మూడు గడులు గీయి: ఎవరు, ఎవరి మీద, దేనికోసం. కింద ఒక వాక్యం నీ చేత్తో రాయి: 'ది నిజాం సీడెడ్ దిస్ ల్యాండ్ టు ది కంపెనీ ఇన్ 1800.' సీడ్ పక్కన 'టు' రావాలి, టారిఫ్ 'ఇంపోజ్' చేసేది 'ఆన్' తో. రోజుకు ఇరవై వద్దు, నాలుగు చాలు.

ప్రశ్న: ఎంబార్గో, బాయ్‌కాట్, బ్లాకేడ్. మూడూ వ్యాపారం ఆపడమే కదా, తేడా ఏమిటి?
– బట్టల షాపు గుమస్తా, కర్నూలు

జవాబు: ఎవరు ఆపుతున్నారో చూడండి. ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి ఆపితే ఎంబార్గో. 1807లో అమెరికా తన ఓడలనే విదేశీ రేవులకు పోనివ్వలేదు. ఓడలను, బలగాన్ని అడ్డం పెట్టి అవతలివాడి దారి మూస్తే బ్లాకేడ్. కొనేవాళ్లు తమంతట తాము మానేస్తే బాయ్‌కాట్. 1880లో ఐర్లండులో కౌలు తగ్గించమన్న రైతులతో పేచీ పెట్టుకున్న చార్లెస్ బాయ్‌కాట్ అనే ఎస్టేటు ఏజెంటుకు ఊరంతా పని చేయడం, సరుకు అమ్మడం మానేసింది. ఆయన పేరే మాటగా నిలిచింది. 1773లో అమెరికాలోని బోస్టన్ జనం ఈస్టిండియా కంపెనీ టీ పెట్టెలు 342 సముద్రంలో పారేసే నాటికి, ఇంగ్లండు సరుకు కొనకపోవడం వాళ్లకు అలవాటే, ఈ మాట మాత్రం ఇంకా పుట్టలేదు.

మీరు అమ్మే గుడ్డల్లోనూ ఇలాంటి పేరొకటి ఉంది. క్యాలికో అనేది కాలికట్ రేవు పేరు. ఆ అద్దకం గుడ్డ కట్టుకోవడాన్నే ఇంగ్లండు 1721లో చట్టం చేసి నిషేధించింది. మీ షాపులో ఇంకా ఏ గుడ్డల పేర్లు వింటున్నారో నాకు రాసి పంపండి, వచ్చే నెల వాటి సంగతి చూద్దాం.