అల్లుడూ, రేడియేటర్ కొనకముందే ఇది చదువు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి అక్కయ్య ఫోన్ చేసింది. సూర్యాపేట దాటాక నీ కారు ఆవిర్లు కక్కి ఆగిపోయిందనీ, టోయింగ్ బండి మీద హైదరాబాద్ చేర్చావనీ చెప్పింది. పిల్లలకేం కాలేదన్నాకే నాకు నిద్ర పట్టింది. నువ్వు పంపిన ఫొటో చూశాను. రేడియేటర్ పైనున్న నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం జాలీతో కలిసే అంచు దగ్గర చీలింది. కొత్తది వెయ్యాల్సిందే. ఎమ్‌సీల్ రాయమనో, పసుపు పొయ్యమనో ఎవరైనా చెబితే వినకు. పసుపు చిన్న కన్నాన్ని ఒక పూట ఆపితే ఆపుతుంది గానీ, ఆ ముద్ద పోయి సన్న గొట్టాల్లో అడ్డం పడుతుంది. మా రోజుల్లో అంబాసిడర్లకీ లారీలకీ రాగి, ఇత్తడి రేడియేటర్లు ఉండేవి. కన్నం పడితే మాటు వేసి పంపించేవాళ్ళం. ప్లాస్టిక్ ట్యాంకుకి ఆ వైద్యం పనికిరాదు.

ఆదివారం నువ్వే విప్పి మార్చుకుంటానన్నావట. చాలా సంతోషం. అది నీ చేతికి అందే పనే. కానీ షాపుకి వెళ్ళే ముందు రెండు సంగతులు తేలాలి. బండి ఎందుకు వేడెక్కింది? ఆ వేడికి ఇంజిన్‌లో ఏం చెడింది? ఇవి తేలకుండా కొత్త రేడియేటర్ బిగించకు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు పెట్టిన కొత్తలో నందిగామ నుంచి ఒకాయన టాక్సీ తెచ్చాడు. రేడియేటర్ పగిలింది. కొత్తది వేసి, నీళ్ళు నింపి, కాసేపు ఇంజిన్ తిప్పి ఇచ్చేశాను. నాలుగో రోజు బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో మళ్ళీ ఉడికిపోయింది. చూస్తే ఫ్యాన్‌కి కరెంటు అందించే స్విచ్చు, అదే రిలే, పోయి ఉంది. బండి పరిగెడుతున్నంతసేపూ ఎదురుగాలే చల్లబరుస్తుంది, నిలబడితే ఫ్యానే దిక్కు. ఫ్యాన్ తిరిగేదాకా ఆగి చూడాలన్న ఓపిక ఆ రోజు నాకు లేకపోయింది. ఈసారి ఇంజిన్ పైభాగం, అదే హెడ్డే పోయింది. ఖర్చంతా నేనే పెట్టుకున్నాను, కానీ బండి తయారయ్యేదాకా ఆయన ఇంట్లో సంపాదన లేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు ఆ మనిషి. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ముందు ఇంజిన్ సంగతి చూడు. ఎర్ర లైటు వెలిగాక ఎంత దూరం నడిపావు? నిజం చెప్పు, నేను తిట్టను. అల్యూమినియం హెడ్డు ఎక్కువ వేడికి వంగుతుంది. చాలా చిన్న కార్లకి 0.05 మిల్లీమీటర్లు దాటి వంగితే లేత్ షాపుకి పోవాల్సిందే. అది వెంట్రుక మందం కన్నా తక్కువ. ఇంకో సంగతి, ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అదే కూలెంటంతా కారిపోతే వేడిని చూసే సెన్సారు నీళ్ళలో కాక ఆవిరిలో మిగులుతుంది. అప్పుడు గేజి ముల్లు కిందికి దిగినా దిగొచ్చు. ముల్లు దిగింది గదా అని నడిపి ఇంజిన్ సీజ్ చేసుకున్నవాళ్ళని చాలామందిని చూశాను.

ఇప్పుడు బండి పూర్తిగా చల్లారి ఉంది కాబట్టి ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్ లాగి చూడు. ఆయిల్ మట్టం పెరిగి, పాలు కలిపిన టీ రంగులో ఉందా? అయితే కూలెంట్ ఆయిల్లో కలిసింది, హెడ్డు కింద సీలులా ఉండే హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానించు. స్టార్ట్ కూడా చెయ్యొద్దు, నాకు ఫోన్ చెయ్యి. ఆయిల్ పోసే మూతకి లోపల కాస్త తెల్ల నురగ ఉంటే అది ఒక్కోసారి తేమ వల్ల కూడా వస్తుంది, డిప్‌స్టిక్ మాటే నమ్ము. ఆయిల్ శుభ్రంగా ఉన్నా సరే, దగ్గర్లో తెలిసిన మెకానిక్‌ని పిలిచి కంప్రెషన్, అంటే సిలిండర్ల లోపలి ఒత్తిడి, చూపించుకో. నాలుగు సిలిండర్లలో పక్కపక్కనే ఉన్న రెండు మిగతావాటి కన్నా బాగా తక్కువ చూపిస్తే, ఆ రెండింటి మధ్య గాస్కెట్ కాలిపోయి ఉండొచ్చు.

తర్వాత కారణం. పన్నెండేళ్ళ ప్లాస్టిక్ ఎండకీ వేడికీ పెళుసెక్కి దానంతట అదే చీలి ఉండొచ్చు. కానీ ఫ్యాన్‌ని మాత్రం వదలకు. ఫ్యూజు చూడు, రిలే మార్చి చూడు, ఫ్యాన్ ప్లగ్గు విప్పి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులిచ్చి మోటారు తిరుగుతుందేమో చూడు. ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ వాల్వ్ విప్పి, దారంతో కట్టి నీళ్ళలో వేలాడదీసి వేడి చెయ్యి. వాల్వ్ మీద 82 అనో 88 అనో ముద్ర ఉంటుంది, దాదాపు ఆ వేడికి నోరు తెరవడం మొదలుపెట్టాలి. వంటగిన్నె మాత్రం వాడకు, వాల్వ్‌కి అంటిన కూలెంట్ విషం. వాటర్ పంపు కింద తడి చారలేమైనా ఉన్నాయేమో కూడా ఒక చూపు చూడు. "మన ఎండలకి వాల్వ్ అక్కర్లేదు, తీసి పారేద్దాం" అనే మెకానిక్ తగులుతాడు, తప్పకుండా తగులుతాడు. ఒప్పుకోకు. వాల్వ్ లేని ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కక పెట్రోలు తాగుతుంది, లోపల అరిగిపోతుంది.

షాపులో నీ బండి ఛాసిస్ నంబరు చెప్పి అడుగు. పెట్రోలా డీజిలా, ఏసీ ఉందా లేదా అన్నదాన్ని బట్టి రేడియేటర్ మారుతుంది. ఆటోనగర్ వాడినై ఉండి చెబుతున్నాను, సెకండ్‌హ్యాండ్ రేడియేటర్ వద్దు. లోపల ఎంత సున్నం పేరుకుందో పైకి కనపడదు. రెండు హోస్ పైపులు, క్లిప్పులు, కొత్త మూత కూడా తీసుకో. మూతని చిన్న వస్తువనుకోకు. సగం కూలెంట్, సగం నీళ్ళు కలిపిన ద్రవం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుందే, ఆ ఒత్తిడిని పట్టి ఉంచితే 125 దాకా మరగదు. మూతలో స్ప్రింగు వదులైతే ఆ కాపుదల పోతుంది. పాత మూత మీద ఏ అంకె ఉందో అదే అంకె కొను.

విప్పడం గురించి ఎక్కువ చెప్పను. బ్యాటరీ నెగటివ్ తీసేయి, ఫ్యాన్ ఒక్కోసారి ఉన్నట్టుండి తిరుగుతుంది. కింద టబ్బు పెట్టి కూలెంట్ దించు. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, చిన్నది బయట ఆడుకుంటూ ఉంటుంది, కాబట్టి వెంటనే డబ్బాలో పోసి మూత పెట్టు. కాలవలో పారబోయకు. హోస్ పైపు అతుక్కుపోతే స్క్రూడ్రైవర్‌తో పెకలించకుండా బ్లేడుతో నిలువునా కోసెయ్యి, ఎలాగూ కొత్తవి వేస్తున్నావు గదా. ముందున్న ఏసీ కండెన్సర్ గ్యాస్ పైపుల జోలికి అస్సలు పోవద్దు. దాన్ని రేడియేటర్‌కి బిగించిన బోల్టులు మాత్రం విప్పి, తాడుతో పైకి కట్టి ఉంచు. నీది గేర్ల బండి కాబట్టి ఆటోమేటిక్ వాటికుండే ఆయిల్ పైపుల గొడవ లేదు. పాతదాన్ని పైకి లాగాక కింది రబ్బరు బుష్షులు ఉన్నాయో లేదో చూసుకో. అవి పాతదానికే అంటుకుని వస్తాయి, మర్చిపోతే కొత్తది ఇనుము మీద అదురుతూ ఏడాది తిరక్కుండా పగులుతుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పడుకోబెట్టి మూతులూ బోల్టు రంధ్రాలూ సరిపోలాకే బిగించు.

ఇక నింపడం. అసలు ఓపిక ఇక్కడ కావాలి. బోరు నీళ్ళు పొయ్యకు, అందులో ఉన్న సున్నమంతా గొట్టాల్లో పొరలు కడుతుంది. డబ్బా మీద చదువు, నీళ్ళు కలిపి అమ్మేదైతే అలాగే పొయ్యి, చిక్కటిదైతే డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలుపు. రంగు ఒకటే గదా అని రెండు రకాలు కలపొద్దు, రంగుని బట్టి రకం తెలియదు. బండి ముందు చక్రాలు కాస్త ఎత్తు మీద ఉంచి, హీటరు మీట పూర్తి వేడికి తిప్పి, సన్న ధారగా పొయ్యి. మధ్యమధ్య పై హోస్ పైపు పిసుకుతూ ఉంటే గాలి బుడగలు పైకి వస్తాయి. బ్యాటరీ తిరిగి కలిపి, మూత తీసే ఉంచి స్టార్ట్ చెయ్యి. మొహం దూరంగా పెట్టు. పై పైపు వేడెక్కిందంటే వాల్వ్ తెరుచుకున్నట్టు, మట్టం కిందికి దిగుతుంది, ఇంకాస్త పోసి మూత బిగించు. అప్పుడు ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా అక్కడే నిలబడు. ఎంత సేపైనా సరే. ఫ్యాన్ తిరగకుండా ముల్లు సగం దాటి పైకి పోతుంటే ఇంజిన్ ఆపెయ్యి.

ఇంజిన్ వేడిగా ఉండి హీటరు చల్లగాలి కొడితే లోపల ఇంకా గాలి ఉన్నట్టు. మూత తీసి ఉన్నప్పుడు బుడగలు ఎంతకీ ఆగకపోతే అది మిగిలిపోయిన గాలి కాదు, సిలిండర్ లోంచి వచ్చే గ్యాస్. అప్పుడు హెడ్డు విప్పాల్సిందే, కొత్త రేడియేటర్ దాన్ని బాగుచెయ్యలేదు.

వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మూత తియ్యకు. నా ఎడమ ముంజేతి మీద మచ్చ నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తున్నావు, అది ఒక టాక్సీ రేడియేటర్ మూత తీసినప్పటిదే. మందపాటి గుడ్డ అడ్డుపెట్టుకున్నా ఆవిరి కాల్చేసింది. గంట ఆగు. కాలుతున్న ఇంజిన్ మీద చన్నీళ్ళు కూడా పొయ్యకు, లోహం పగులుతుంది.

మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి, తగ్గితే పొయ్యి. వారం రోజులు ఇలాగే రోజూ చూడు. ఆ వారంలో పిల్లల్ని ఎక్కించుకుని దూరం పోవద్దు. అక్కయ్యని చూడాలనుకుంటే బస్సులో రండి.

రేపు పొద్దున బండి తియ్యకుండా ముందు ఆ డిప్‌స్టిక్ చూసి, తెల్ల కాగితం మీద తుడిచి ఫొటో తీసి పంపు. ఎనిమిదింటిదాకా ఇంట్లోనే ఉంటాను.

మీ మామయ్య