ఐస్ హాకీలో కేల్ మకార్ చిన్న వయసులోనే అంత పెద్ద డిఫెన్స్‌మన్ ఎలా అయ్యాడు?

నా లెక్కలో అసలు కారణం అతను తొందరపడకపోవడమే. 1998లో కెనడాలోని కాల్గరీలో పుట్టిన మకార్, కుర్రాళ్ల హాకీలో పై స్థాయి పోటీలైన మేజర్ జూనియర్ లీగ్‌లకు వెళ్లకుండా ఆల్బర్టాలోనే బ్రూక్స్ బాండిట్స్ అనే చిన్న జట్టుకు ఆడాడు. ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే 2017 డ్రాఫ్ట్‌లో కొలరాడో అవలాంచ్ జట్టు అతన్ని నాలుగో స్థానంలో ఎంచుకుంది. అయినా వెంటనే ప్రొఫెషనల్ కాలేదు. అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీలో చేరి రెండేళ్లు ఆడాడు. అతను చేరకముందు సీజన్‌లో ఐదే మ్యాచ్‌లు గెలిచిన ఆ జట్టు 2019లో కాలేజీ జట్ల జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది!

ఆ ఫైనల్ ఓడిపోయారు. సరిగ్గా రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 15న, ఉత్తర అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో, సీజన్ చివరి నాకౌట్ దశ అయిన ప్లేఆఫ్స్‌లో, కొలరాడో తరఫున తన తొలి మ్యాచ్ ఆడాడు. ఎదురుగా సొంత ఊరి జట్టు కాల్గరీ ఫ్లేమ్స్. ఆ రోజే గోల్ కొట్టాడు. ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఊహించండి.

డిఫెన్స్‌మన్ అంటే ముందుగా సొంత గోల్‌ను కాపాడాలి. మకార్ స్కేటింగ్ ఎంత చురుకంటే, ఎదుటి జట్టు వైపు భాగం మొదలయ్యే బ్లూ లైన్ మీద పక్కకు జారుతూనే ఎదుటివాణ్ణి ఏమార్చి లోపలికి దూసుకెళ్తాడు, పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) చేజారితే వెంటనే వెనక్కి వచ్చి మళ్లీ అందుకుంటాడు. నాకు అతని ఆటలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

2020లో ఉత్తమ కొత్త ఆటగాడిగా కాల్డర్ ట్రోఫీ, 2022లో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్‌తో పాటు నోరిస్ (ఉత్తమ డిఫెన్స్‌మన్), కాన్ స్మైత్ (ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడు) ట్రోఫీలు వచ్చాయి. ఒకే ఏడాది నోరిస్, కాన్ స్మైత్ రెండూ అందుకున్నవాళ్లు అంతకుముందు బాబీ ఆర్, నిక్లాస్ లిడ్‌స్ట్రామ్ మాత్రమే. 2024-25లో 30 గోల్స్ చేసి రెండో నోరిస్ గెలిచాడు.