టెక్ సందేహాలు: ఎడమ తొడ 62, కుడి తొడ 38... నిజమేనా?

ప్రశ్న: కండరాల సెన్సర్లున్న షార్ట్స్ వేసుకుని స్క్వాట్స్ చేస్తున్నాను. పనిలో ఎడమ తొడ వాటా 62 శాతం, కుడి తొడ వాటా 38 శాతం అని యాప్ చూపిస్తోంది. కుడికాలు బలహీనపడిందేమోనని టెన్షన్‌గా ఉంది. దానికి విడిగా బరువులు మొదలుపెట్టమంటారా?

జవాబు: అప్పుడే వద్దు. ముందు షార్ట్స్ తిరగేసి లోపలివైపు చూడండి. తొడ దగ్గర రబ్బరులా నున్నగానో, వెండి పూత దారంతో నేసినట్టుగానో పట్టీలుంటాయి, అవే ఎలక్ట్రోడ్లు. కండరం బిగుసుకునేటప్పుడు దాని పోగుల్లో పుట్టే కరెంటు చర్మం మీదికి వచ్చేసరికి మహా అయితే కొన్ని మిల్లీవోల్టులే ఉంటుంది, దాన్ని పట్టుకోవడమే ఈ పట్టీల పని. ఈ పద్ధతి పేరు ఈఎంజీ. అంటే యాప్ కొలిచింది కాలి బలాన్ని కాదు, కరెంటుని!

ఆ కొలతకీ సవాలక్ష అడ్డంకులు. చర్మం కింద కొవ్వు మందంగా ఉంటే సిగ్నల్ తగ్గుతుంది, పట్టీ కాస్త పక్కకు జరిగితే పొరుగు కండరం సిగ్నల్ కూడా కలిసిపోతుంది, చర్మం పొడిగా ఉంటే చెత్త రీడింగులే వస్తాయి. అన్నిటికన్నా తికమక పెట్టేది అలసట. అలసిన కండరం అదే బరువు ఎత్తడానికి మరిన్ని పోగుల్ని పనిలోకి దించుతుంది కాబట్టి అంకె పెరుగుతుంది. మీ 62 వెనక బలం కాకుండా అలసట ఉండొచ్చు.

పరీక్షించడం తేలికే. పట్టీలు కొంచెం తడిపి షార్ట్స్ వేసుకోండి, యాప్‌లో క్యాలిబ్రేషన్ (కొలతను సరిచేసుకునే ఆప్షన్) ఉంటే ఒక్కో కాలినీ గట్టిగా బిగించి మళ్లీ చేయండి, రెండు సెట్లయ్యాక షార్ట్స్ విప్పి మళ్లీ తొడుక్కుని ఇంకో రెండు సెట్లు చేయండి. అంకెలు తారుమారైతే తప్పు కాలిది కాదు, షార్ట్స్‌ది. మూడు నాలుగు రోజులు చేసినా తేడా అలాగే ఉంటే, ఒంటికాలి స్క్వాట్స్ ఎటు ఎన్ని చేయగలరో లెక్కపెట్టి కోచ్‌కో ఫిజియోకో చూపించండి. నేనైతే యాప్ కంటే ఆ లెక్కనే ఎక్కువ నమ్ముతాను.

ప్రశ్న: సెన్సర్ టీషర్ట్ వాషింగ్ మెషిన్‌లో వేయొచ్చా?

జవాబు: లేబుల్ మీద వేయొచ్చని ఉంటేనే. బ్యాటరీ ఉన్న డబ్బీని మర్చిపోకుండా ఊడదీయండి (మర్చిపోయేవాళ్లే ఎక్కువ). ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ మాత్రం అస్సలు వద్దు, అది పట్టీల మీద పొరలా పేరుకుని సిగ్నల్‌ని అడ్డుకుంటుంది.

ప్రశ్న: ఇలాంటివి కొనేముందు ఏం చూడాలి?

జవాబు: సైజు. వదులుగా ఉంటే ఎంత గొప్ప సెన్సరైనా దండగే. తర్వాత శాంప్లింగ్ రేటు, అంటే సెన్సర్ సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందో చూడండి. కండరాల సిగ్నల్ ఎక్కువగా 20 నుంచి 500 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) మధ్య ఉంటుంది కాబట్టి దానికి రెట్టింపుగా సెకనుకు కనీసం 1000 సార్లు కొలవాలి. డేటాను ఫైల్‌గా బయటికి తీసుకునే వీలుందా అన్నది కూడా అడగండి, ఎందుకంటే రేపు యాప్ మూతపడితే మీ చేతిలో మిగిలేది మామూలు బిగుతు బట్టలే.