బండి కొనే ముందు: డిసెంబరు తగ్గింపులు, జనవరి బళ్లు

ప్రశ్న: ప్రభుత్వ పాఠశాలలో టీచరును. ఎనిమిదిన్నర లక్షల ఎక్స్‌షోరూమ్ ధరలో (రిజిస్ట్రేషన్, బీమా కలపకముందు ధర) ఒక పెట్రోల్ కారు చూసుకున్నాం. నెలాఖరులోగా తీసుకుంటే 60 వేలు తగ్గిస్తామని, జనవరి ఒకటి నుంచి కంపెనీయే ధర పెంచుతోందని షోరూము వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. మా అత్తగారేమో ధనుర్మాసంలో బండి ఇంటికి తేవద్దు, పండగ వెళ్లాక చూద్దాం అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
– ఒక ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ అత్తగారి మాటే వినండి. పంచాంగం చూసి చెప్పడం లేదు. విజయవాడలో షోరూముల స్టాక్‌యార్డులు చూసుకున్న అనుభవంతో చెబుతున్నాను.

ధర పెరుగుతుందన్నది అబద్ధం కాదు. జనవరి నుంచి పెంచుతున్నామని కంపెనీలు డిసెంబరులో ప్రకటించడం ఏటా జరిగేదే. 2024 డిసెంబరులో మారుతి సుజుకి 4 శాతం దాకా, హ్యుందాయ్ 25 వేల దాకా పెంచుతామన్నాయి. అవి గరిష్ఠాలు. చాలా బళ్ల మీద పెరిగేది అంతకన్నా తక్కువే ఉంటుంది. మీకు ఫోన్ చేస్తున్న కుర్రాడు చెప్పనిది వేరే ఉంది. డిసెంబరు 31 రాత్రికి యార్డులోని బళ్లన్నీ మాయమైపోవు. మిగిలినవి తెల్లారేసరికి ‘పోయిన ఏడాది బళ్లు’ అవుతాయి. వాటిని వదిలించుకోవడం డీలరుకు డిసెంబరులో కన్నా జనవరి, ఫిబ్రవరిల్లోనే ఎక్కువ అవసరం. అందుకే పండగ వెళ్లాక పాత ఏడాది తయారీ బళ్ల మీద తగ్గింపు చాలాసార్లు ఇంకా పెరుగుతుంది. మీరు అడిగిన రంగు, అడిగిన వేరియంటు దొరకకపోవచ్చు. నష్టమంటూ ఉంటే అదొక్కటే.

డీలరుకు ఎందుకంత తొందర? కంపెనీ దగ్గర అతను బళ్లు కొనేది ఎక్కువగా బ్యాంకు అప్పుతో. యార్డులో నిలబడ్డ ప్రతి బండి మీదా రోజువారీ వడ్డీ నడుస్తుంటుంది, గడువు దాటితే ఆ వడ్డీ ఇంకా పెరుగుతుంది. 2024 సెప్టెంబరు ముగిసేనాటికి దేశంలోని డీలర్ల దగ్గర 80 నుంచి 85 రోజుల అమ్మకాలకు సరిపడా స్టాకు పేరుకుపోయిందని, 7.9 లక్షల బళ్లని, వాటి విలువ 79 వేల కోట్లని డీలర్ల సమాఖ్య ఫాడా లెక్క చెప్పింది. ఆ ఏడాది చివర్లో తగ్గింపులు ఎందుకు పొంగాయో వేరే చెప్పక్కర్లేదు. పైగా మన దగ్గర ఒక చిత్రం ఉంది. కంపెనీలు ఏడాది లెక్క ముగించుకునే రోజులూ మన ధనుర్మాసమూ ఒకేసారి వస్తాయి. డిసెంబరు 16 దాటాక విజయవాడ పక్కన ఎనికేపాడు, నిడమానూరు వైపు షోరూముల్లో వచ్చి చూసేవాళ్లే తప్ప డబ్బు కట్టేవాళ్లు తగ్గిపోతారు. పట్టింపు లేనివాళ్లకు గట్టిగా బేరమాడటానికి అంతకన్నా మంచి సమయం లేదు. మీ ఇంట్లో పట్టింపు ఉంది కాబట్టి ఆ బేరాన్ని వదిలేయండి.

‘ఇప్పుడు బిల్లు చేయించుకోండి, రిజిస్ట్రేషన్ జనవరిలో చేయిస్తాం, అప్పుడది కొత్త ఏడాది బండే అవుతుంది’ అని కూడా అంటారు. కాదు. ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) మీద రిజిస్ట్రేషన్ తేదీ వేరు, తయారైన నెల, ఏడాది వేరు. రెండూ ఉంటాయి. రేపు మీరు అమ్మేటప్పుడు బేరగాడి వేలు ముందు ఆ రెండోదాని మీదే పడుతుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అనలేదు. మూడు నాలుగేళ్లలో బండి మార్చే అలవాటుంటే, ఏడాది తేడా చూపించి అతను కోసే మొత్తం ఇప్పుడు మీకొచ్చే తగ్గింపుకు దగ్గరగానే వస్తుంది. అలాంటివాళ్లు జనవరి తయారీ బండి కోసం ఆగడమే మేలు. తొమ్మిది పదేళ్లు మీరే నడుపుతానంటే పాత ఏడాది బండి నిక్షేపంగా తీసుకోండి. అప్పటికి బేరగాడు చూసేది కిలోమీటర్లు, ఇంజను, దెబ్బలు. పదేళ్ల బండికీ పదకొండేళ్ల బండికీ మధ్య పెద్ద బేరం ఉండదు.

అయితే పాత ఏడాది బళ్లన్నీ ఒకటి కావు. నవంబరులో తయారైనదీ మార్చిలో తయారైనదీ ఒకే షెడ్డులో పక్కపక్కనే ఉంటాయి. మీరు అడగకపోతే రెండింటికీ అదే 60 వేలు చెబుతారు, ముందు మార్చి బండినే తోస్తారు. డబ్బు కట్టకముందే మీకు కేటాయించిన బండి ఛాసిస్ నంబరు రాసి ఇమ్మనండి. తయారీ నెల ఫారం 21లో, అంటే అమ్మకపు ధ్రువపత్రంలో ఉంటుంది. తర్వాత యార్డుకు వెళ్లి పగటి వెలుగులో ఆ బండినే చూడండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి. 1025 అని ఉంటే 2025లో పదో వారం, అంటే మార్చి మొదట్లో చేసిన టైరు. నాలుగూ దాదాపు ఒకే కాలానివి కావాలి, స్టెప్నీ కూడా. బానెట్ ఎత్తి వైర్ల కట్టల మీద పంటి గాట్లు, మూలల్లో ఎలుక పెంట్ల కోసం వెతకండి. వానాకాలమంతా ఆరుబయట నిలబడ్డ బండికి బ్రేకు డిస్కుల మీద తుప్పు పడుతుంది, నాలుగడుగులు నడిపితే పోతుంది. అది భయపడాల్సిన విషయం కాదు. బ్యాటరీ మాత్రం పరీక్ష పెట్టించండి. నెలల తరబడి కదలని బండిలో ముందు చచ్చేది అదే. నెలాఖరు హడావుడిలో డెలివరీకి ముందు చేయాల్సిన తనిఖీ కాగితం మీద టిక్కులతోనే అయిపోతుంది. పండగ వెళ్లాక రమ్మనడానికి నాకున్న రెండో కారణం ఇది.

ఇక ఆ 60 వేలను విడగొట్టి రాయించుకోండి. అందులో పాత కారు ఇస్తే వచ్చే ఎక్స్ఛేంజ్ బోనస్ ఎంత? మీకు ఇవ్వడానికి పాత కారు ఉందా? ప్రభుత్వ ఉద్యోగులకు చాలా కంపెనీలు విడిగా కొంత తగ్గిస్తాయి, అది కలిపారా? అడగనిదే అమ్మైనా పెట్టదు. ఎక్స్‌షోరూమ్ ధర మీద డీలరుకు మిగిలేది ఐదు శాతం అటూ ఇటూ. తగ్గించినదాన్ని అతను బీమాలో, యాక్సెసరీల్లో, అదనపు వారంటీలో రాబట్టుకుంటాడు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి చేసేది) తప్పనిసరే కానీ, అది షోరూములోనే కొనాలన్న నిబంధన లేదు. బయట ఒక కొటేషన్ తెచ్చి బల్ల మీద పెట్టి చూడండి.

ప్రశ్న: బుకింగుకు 25 వేలు కట్టాను. డెలివరీ ఫిబ్రవరిలో అన్నారు. బుక్ చేసిన రోజు ధరే వర్తిస్తుందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: లేదమ్మా. మీరు సంతకం పెట్టిన ఆర్డరు ఫారం వెనక చూడండి, డెలివరీ నాటి ధరే వర్తిస్తుందని సన్నక్షరాల్లో ఉంటుంది. ధర మార్చబోమని కొన్నిసార్లు కంపెనీలే హామీ ఇస్తాయి. ఇస్తే మెయిల్‌లో రాయించుకోండి, సేల్స్‌మన్ నోటి మాట పనికిరాదు.

ఈ నిబంధన ఎప్పుడూ కొనేవాళ్లకు నష్టమే చేస్తుందనుకోకండి. 2025 ఆగస్టు 15న జీఎస్టీ మార్పుల మాట ఎర్రకోట మీద నుంచి వినబడింది. సెప్టెంబరు 3న కౌన్సిల్ నిర్ణయించింది, 22 నుంచి అమలైంది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజను ఉన్న పెట్రోల్ కారు మీద 28 శాతం జీఎస్టీ, 1 శాతం సెస్సు పోయి మొత్తం 18 శాతమే మిగిలింది. ఆ తేడా అంతా ధరలో చూపిస్తే ఏడు లక్షల కారు దాదాపు 60 వేలు తగ్గినట్టు. 21న బిల్లయినవాళ్లకు పాత పన్ను, మర్నాడు బిల్లయినవాళ్లకు కొత్త పన్ను. ఎప్పుడు బుక్ చేశారన్నది ఎవరూ చూడలేదు. కాబట్టి మీరు పట్టుకోవాల్సింది బిల్లు తేదీని.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ 2025లోనే 2026 మోడల్ కార్లు అమ్ముతున్నారట. మోసం కాదు కదా? పాత మోడల్ చవకగా ఇస్తామంటే తీసుకోవచ్చా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: మోసం కాదమ్మా. అక్కడ మోడల్ ఏడాదికి క్యాలెండరుతో నేరుగా సంబంధం లేదు. కంపెనీలు వేసవి చివరి నుంచి శరదృతువు దాకా మరుసటి ఏడాది మోడళ్లు దింపుతాయి. అమెరికా నిబంధనల ప్రకారం 2026 మోడల్ తయారీని 2025 జనవరి 2 నుంచే మొదలుపెట్టవచ్చు. 17 అక్షరాల వాహన గుర్తింపు సంఖ్యలో పదోది మోడల్ ఏడాదిని చెబుతుంది. 2025కు ఎస్, 2026కు టీ. నిజంగా ఏ నెలలో తయారైందో డ్రైవరు తలుపు తీస్తే చట్రం దగ్గర అతికించిన పట్టీ మీద ఉంటుంది. కానీ పాత కార్ల మార్కెట్ ధర కట్టేది మోడల్ ఏడాదిని బట్టే. తయారీ నెల చుట్టూ మనం పడే గొడవ అక్కడ లేదు.

పాత మోడల్ తీసుకోవచ్చా అంటే, ముందు రెండు ఏళ్ల బళ్లనూ పక్కపక్కన పెట్టి చూడమనండి. రంగులు, ఒకటి రెండు సదుపాయాలు తప్ప మార్పు లేకపోతే, కొత్త మోడళ్లు వచ్చాక మిగిలిన 2025 బండి మంచి బేరమే. వాటి మీద కంపెనీలు తరచూ రిబేటో తక్కువ వడ్డీ అప్పో ఇస్తాయి. బండి రూపమే మారి ఉంటే మాత్రం చిన్న తగ్గింపుకు లొంగవద్దు. పాతది ఒక్కసారిగా పాతదైపోతుంది.

ఇద్దరు ముగ్గురు డీలర్లకు ఒకే వేరియంటు పేరు రాసి పన్నులు, ఫీజులు అన్నీ కలిపి చేతికొచ్చే ధర మెయిల్‌లో పంపమని అడగమనండి. నెలవారీ వాయిదా ఎంత కట్టగలవు అన్న ప్రశ్నకు జవాబివ్వవద్దని చెప్పండి. వాయిదా మాటలో పడితే అసలు ధర కనబడకుండా పోతుంది. 1958 నాటి చట్టం ప్రకారం ప్రతి కొత్త కారు కిటికీకి కంపెనీ సూచించిన ధర, అదనపు సదుపాయాలు వివరంగా రాసిన కాగితం అంటించి ఉండాలి. టెక్సాస్‌లో కార్ల డీలర్లు శని, ఆదివారాలు వరుసగా రెండు రోజులూ తెరవకూడదు. ఎక్కువమంది ఆదివారం మూస్తారు. ఆ రోజు వెళితే ఏ సేల్స్‌మనూ వెంటపడకుండా బయట నిలిపిన బళ్ల మధ్య తిరుగుతూ ఆ కాగితాలన్నీ తాపీగా చదువుకోవచ్చు, ఏ మోడల్ ఏడాది బళ్లు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకోవచ్చు. బేరానికి సోమవారం వెళ్లమనండి.