టెక్ సందేహాలు: మూడో వారంలోనే ఆగిపోయే ఆన్‌లైన్ కోర్సు

ప్రశ్న: బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో 12 వారాల పైథాన్ ప్రోగ్రామింగ్ కోర్సులో చేరాను. రెండు వారాలు బాగానే సాగింది. ఆ తర్వాత పాఠం కోసం ఫోన్ తీయడం, షార్ట్స్‌లో పడిపోవడం. వరసగా మూడు అసైన్‌మెంట్లు పోయాయి. ఇక వదిలేయనా? ధ్యాస నిలిపే యాప్ ఏమైనా ఉందా?
– నరసరావుపేట పాఠకుడు

జవాబు: వదలకండి. ముందు లెక్క చూసుకోండి. 12 వారాల కోర్సులో అన్ని అసైన్‌మెంట్లూ లెక్కకు రావు, ఎక్కువ మార్కులొచ్చిన ఎనిమిదింటి సగటే తీసుకుంటారు. మూడు పోయినా ఇంకొకటి పోగొట్టుకునే వెసులుబాటు మీకుంది! అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. సర్టిఫికెట్ కావాలంటే అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో 30 రావాలి. ఇదంతా కోర్సు పేజీలోనే ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ.

ధ్యాస పెంచే యాప్‌లు బోలెడున్నాయి కానీ నేను చెప్పను. వాటిని సర్దుకోవడంతోనే రెండు రోజులు గడిచిపోతాయి. పైగా ఇది మీ ఒక్కరి బద్ధకం కాదు. హార్వర్డ్, ఎంఐటీ ఆన్‌లైన్ కోర్సుల లెక్కలు 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది దాదాపు 3 శాతం మందే. పేరు నమోదు చేసుకున్నవాళ్లలో సగానికి పైగా అసలు పాఠమే తెరవలేదు. అదే డబ్బు కట్టి సర్టిఫికెట్‌కు నమోదైనవాళ్లలో మాత్రం సగానికి దగ్గరగా పూర్తి చేశారు. కట్టేవాళ్లకు ముందే పట్టుదల ఎక్కువ ఉంటుందనుకోండి, అయినా జేబులోంచి పోయిన డబ్బు ఊరుకోనివ్వదు. కాబట్టి గడువు దాటకముందే పరీక్ష ఫీజు వెయ్యి రూపాయలు కట్టేయండి. మీ క్లాసులో ఇంకొకరితో కూడా కట్టించగలిగితే మరీ మంచిది.

ఇక షార్ట్స్. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో వాచ్ హిస్టరీ ఆపేసి, పాతదంతా క్లియర్ చేయండి. హోమ్ పేజీ బోసిపోతుంది, వేలు పెట్టడానికి ఏమీ కనిపించదు. షార్ట్స్ బటన్ మాత్రం పోదు, దానికి మీరే కాపలా. వీలుంటే పాఠాన్ని కాలేజీ ల్యాబ్ కంప్యూటర్‌లో చూడండి.

ఒక్క అలవాటు మాత్రం తప్పనిసరిగా మార్చుకోండి. మాస్టారు తెరమీద కోడ్ రాస్తుంటే తల ఊపుతూ చూస్తే అంతా అర్థమైనట్టే ఉంటుంది. వీడియో మూసి, బ్రౌజర్‌లోనే కోడ్ రాసి నడిపే గూగుల్ కొలాబ్‌లో ఖాళీ పేజీ తెరిచి అదే ప్రోగ్రాం టైప్ చేయండి. నాలుగో లైన్‌లో స్పేస్ తప్పి ‘ఇండెంటేషన్ ఎర్రర్’ వస్తుంది. దాన్ని సరిచేసే ఆ పది నిమిషాలే అసలు చదువు.

ప్రశ్న: ఇంట్లో ఒకటే ఫోన్, ఇద్దరు పిల్లలు. రోజుకు 1.5 జీబీ డేటా సాయంత్రానికే అయిపోతోంది. పెద్దవాడి క్లాసులకు మిగలడం లేదు.
– కామారెడ్డి గృహిణి

జవాబు: అమ్మా, వీడియో క్వాలిటీ 360పీకి తగ్గించండి, బోర్డు మీద రాత కనిపిస్తే చాలు. రోజువారీ ప్యాక్‌ల డేటా చాలావరకు అర్ధరాత్రి మళ్లీ మొదలవుతుంది కాబట్టి పెద్దవాడి పాఠాలు పొద్దున్నే డౌన్‌లోడ్ చేసిపెట్టండి. స్కూలు పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే ప్రభుత్వ పాఠాల యాప్ ‘దీక్షా’తో స్కాన్ చేయండి. అక్కడి పాఠాలు దించుకుంటే నెట్ లేకుండానే చూడొచ్చు. పిల్లలిద్దరికీ ఫోన్ టైము గోడ మీద రాసిపెట్టండి, కొట్లాట తగ్గుతుంది.

ప్రశ్న: తెలుగు మీడియంలో చదివాను. వీడియోల్లో ఇంగ్లిష్ వేగం అందక మధ్యలోనే మానేస్తున్నాను.
– పాలకొండ పాఠకురాలు

జవాబు: వేగాన్ని 0.75కి తగ్గించి, క్యాప్షన్లు ఆన్ చేయండి. ఎన్‌పీటెల్‌లో చాలా కోర్సుల వీడియోల్లో చెప్పే మాటలు రాత రూపంలో తెలుగులోనూ దొరుకుతాయి. ముందు వాటిని చదివి, తర్వాత వీడియో చూడండి. పరీక్ష ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కాబట్టి సాంకేతిక పదాలు మాత్రం ఇంగ్లిష్‌లోనే నోట్స్‌లో రాసుకోండి.