ఆదాయం ఇంటిది, ఖర్చు ఎవరి మీద?

మీ ప్రశ్న సూటిగా ఉంది: "యూనివర్సిటీ ఇచ్చే ఆర్థిక సాయం అవసరాన్ని బట్టి ఉండాలి గానీ ఆడా మగా చూసి ఇవ్వడమేంటి? అమ్మాయిలకే అని విడిగా పెడితే పేదింటి అబ్బాయి ఏం పాపం చేశాడు?" నేనూ సూటిగానే చెప్తాను. కొంత డబ్బు అమ్మాయిలకని విడిగా ఉంచాల్సిందే. కాకపోతే ఇప్పుడు ఉంచుతున్న తీరు చాలావరకు అడ్డదిడ్డంగా ఉంది. ఒక యూనివర్సిటీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఏళ్ల తరబడి ఫైళ్ల దుమ్ము పీల్చినదాన్ని, ఆ ధైర్యంతో చెప్తున్నాను.

"అవసరాన్ని బట్టి" అన్న మాటను ఎవరూ కాదనలేరు. కానీ ఆఫీసులో కూర్చున్న మాకు అవసరం ఎలా తెలుస్తుంది? కాగితం చూసి. ఆ కాగితం చెప్పేది ఇంటి ఆదాయం. ఎంతమంది ఉన్నారు, ఎంతమంది సంపాదిస్తున్నారు, ఎంతమంది చదువుతున్నారు, అంతే. ఆ ఆదాయంలోంచి ఎవరి చదువు మీద ఎంత పెడతారో ఏ అధికారీ ధ్రువీకరించి సంతకం పెట్టడు. ఇంటిల్లిపాదికీ ఒకటే జేబు అనుకుని మేం పట్టిక చూసి మార్కులు వేసేస్తాం.

మా అప్లికేషన్‌లో మాత్రం ఒక గడి ఉండేది: "ఈ విద్యార్థి చదువుకు కుటుంబం భరించగల మొత్తం". దాన్ని లెక్కలోకి తీసుకునేవాళ్లం కాదు. ఎప్పుడో ఎవరో పెట్టారు, తీసేయాలని ఎవరికీ తోచలేదు. ఆఫీసు ఫారాలు సగం అలాగే పొడుగవుతాయి.

ఒక ఏడాది ఒకే ఇంటి నుంచి రెండు అప్లికేషన్లు వచ్చాయి. అక్క పీజీలో చేరుతోంది, తమ్ముడు డిగ్రీ మొదటి ఏడాది. ఇంటిపేరు ఒకటే కాబట్టి కట్టలో ఒకదాని కింద ఒకటి వచ్చాయి. రెండూ తండ్రే నింపాడు. అదే చేతిరాత, అదే సిరా, ఆదాయం దగ్గర అదే అంకె. భరించగల మొత్తం దగ్గర తమ్ముడి ఫారంలో దాదాపు సగం ఫీజు వేశాడు. అంకెల్లో వేసి, పక్కన అక్షరాల్లో రాసి, చివర "మాత్రమే" అని కూడా చేర్చాడు. అక్క ఫారంలో అదే గడిలో ఒక గీత. చేత్తో గీసింది కాదు, స్కేలు పెట్టి నీట్‌గా గీసిన అడ్డగీత.

మా సూపరింటెండెంట్ గారు అది పొరపాటై ఉంటుందని ఫోన్ చేసి కనుక్కోమన్నారు. చేశాను.

"పొరపాటేం లేదు మేడమ్," అన్నాడాయన చాలా మర్యాదగా. "వాడికి ఎలాగూ కట్టాలి కదండీ. అమ్మాయికి మీరిస్తే చదువుతుంది. లేదంటే వచ్చే ఏడాది చూసుకుంటాం."

నాకు సంబంధం లేని ప్రశ్న అయినా అడిగేశాను. "ఇద్దరిలో మార్కులు ఎవరికి బాగా వచ్చాయండీ?"

"అమ్మాయికేనండీ! దాంతో వీడు ఎక్కడ సరితూగుతాడు?" గొంతులో ఎంత గర్వమో! ఆయన్ని దుర్మార్గుడని నేను ఇవాళ్టికీ అనను. కూతురంటే ప్రాణం. డబ్బు దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలో కొడుకు, మిగిలితే కూతురు. అందులో తప్పుందన్న అనుమానమే ఆయనకు లేదు. ఉంటే ఆ గీత అంత తిన్నగా వచ్చేది కాదు.

ఇప్పుడు మీ "అవసరాన్ని బట్టి" రూలు ఇక్కడ ఏం చేసిందో చూడండి. ఇంటి ఆదాయం ఒకటే కాబట్టి ఇద్దరి అవసరమూ ఒకటే అని పట్టిక తేల్చింది. జనరల్ ఫండ్ నుంచి ఇద్దరికీ ఫీజులో ఒకే వంతు మంజూరైంది. కాగితం మీద ఇంతకంటే సమానత్వం ఏముంటుంది? తమ్ముడికి తక్కువ పడింది తండ్రి కట్టేశాడు. అక్కకు తక్కువ పడింది అలాగే ఉండిపోయింది. వాయిదాల్లో కట్టొచ్చా, కడితే ఆఖరి తేదీ ఎప్పుడు అని ఆ పిల్ల మా కౌంటర్ దగ్గరికి వచ్చింది.

మా దగ్గర చాలా పాత ఎండోమెంట్, అంటే దాత ఇచ్చిన శాశ్వత నిధి, ఒకటి ఉండేది. రిటైరైన ఒక లెక్చరర్ తన వీలునామాలో "విద్యార్థినులకు మాత్రమే" అని రాసిపోయిన డబ్బు. పెద్ద మొత్తమేమీ కాదు గానీ, ఆ పిల్లకు తగ్గింది అందులోంచి సర్దగలిగాం. మంజూరైందని చెప్తే థాంక్స్ కంటే ముందు ఆమె అడిగింది ఒక్కటే: "డబ్బు ఎవరి అకౌంట్‌లో పడుతుంది మేడమ్?" ఫారంలో ఇచ్చింది తండ్రితో కలిపి ఉన్న జాయింట్ అకౌంట్. మర్నాడు ఉదయం కౌంటర్ తెరిచేసరికి, తన ఒక్కదాని పేరుతో తెరిచిన కొత్త అకౌంట్ వివరాలతో నిలబడి ఉంది. నేను ఏమీ చెప్పలేదు. సలహా ఇచ్చే అవసరం కూడా లేకపోయింది.

ఒక్క ఇంటిని చూసి అందరికీ రూలు రాస్తారా అని మీరు అడగొచ్చు. రాస్తాను. ఆ తర్వాత అన్నాచెల్లెళ్లవో అక్కాతమ్ముళ్లవో జంట ఫైళ్లు వచ్చినప్పుడల్లా మొదట ఆ గడే చూసేదాన్ని. గీతలూ సున్నాలూ ఎవరి ఫారంలో ఎక్కువ ఉండేవో విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను.

"చదువులోకి ఆడా మగా తేడా ఇప్పుడెందుకు తెస్తున్నారు" అనేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. అది ఎప్పుడు లేదు? హార్వర్డ్‌లో మొట్టమొదటి స్కాలర్‌షిప్ నిధి 1643లో యాన్ రాడ్‌క్లిఫ్ అనే ఆవిడ ఇచ్చిన 100 పౌండ్లతో మొదలైంది. ఒక ఆడమనిషి డబ్బుతో పేద కుర్రాళ్లు చదువుకున్నారు, ఆడపిల్లలకు మాత్రం అక్కడ రెండు శతాబ్దాలకు పైగా ప్రవేశమే లేదు. దక్షిణాఫ్రికా వజ్రాల గనులతో కోట్లు గడించిన బ్రిటిష్ వ్యాపారి సెసిల్ రోడ్స్ 1902లో పోతూ, ఆక్స్‌ఫర్డ్‌లో చదివేవాళ్లకని వీలునామాలో పెట్టిన స్కాలర్‌షిప్పులు మగవాళ్లకే. బ్రిటన్‌లో 1975లో లింగవివక్ష నిషేధ చట్టం వచ్చాక గానీ అది కదల్లేదు, మొదటి మహిళా రోడ్స్ స్కాలర్లు 1977లో అక్కడికి వెళ్లారు. అన్నేళ్లూ "మగవాళ్లకు మాత్రమే" అన్నది ఎవరికీ రిజర్వేషన్‌లా కనిపించలేదు, మామూలు స్కాలర్‌షిప్ అనుకున్నారు.

మేరీ క్యూరీ సంగతీ అంతే. వార్సాలో ఆడపిల్లలను యూనివర్సిటీలోకి రానిచ్చేవాళ్లు కాదు. పారిస్ వెళ్లాలంటే డబ్బు లేదు. అక్కాచెల్లెళ్లు ఒప్పందం చేసుకున్నారు: చెల్లెలు మేరీ పరాయి ఇళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పి అక్క బ్రోన్యా మెడిసిన్‌కు డబ్బు పంపింది, తర్వాత అక్క సాయంతో 1891లో తాను పారిస్ చేరింది. 1893లో అలెగ్జాండ్రోవిచ్ స్కాలర్‌షిప్ కింద 600 రూబుళ్లు వచ్చాయి కాబట్టే అక్కడ చదువు కొనసాగించగలిగింది. ఆ డబ్బును తర్వాత సంపాదించి తిరిగి కట్టేసింది కూడా, ఎవరూ అడగకపోయినా. ఈ కథ చెప్పి "పట్టుదల ఉంటే చాలు" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆ 600 రూబుళ్లు అందక ఆగిపోయినవాళ్ల పేర్లు మనకెలా తెలుస్తాయి?

పనిలో పనిగా నా కడుపుమంట కూడా చెప్పనివ్వండి. అమ్మాయిల స్కాలర్‌షిప్ అనగానే "స్త్రీగా మీ ప్రయాణం" అని ఒక వ్యాసం రాయమంటారు. ఎందుకు? ఫీజు కట్టలేనంటోంది, అది చాలదా? ఎంత బాగా ఏడిపిస్తే అంత డబ్బు అన్నట్టుంటుంది. ఆపైన ఫోటో. మంచమంత అట్టచెక్కు ఇద్దరు పట్టుకోవడం, దాతగారు మధ్యలో నవ్వడం. ఆ అట్టచెక్కు ఫోటో రోజుకల్లా తయారు, అసలు డబ్బు పడేది సెమిస్టర్ పరీక్షలయ్యాక. ఈలోపు ఫైన్ కట్టేది ఆ పిల్లే.

సరే, మీ వాదనలో బలమైన చోటుకే వస్తాను. ప్రపంచం మొత్తం మీద చూస్తే ఇవాళ ఉన్నత చదువుల్లో అబ్బాయిల కంటే అమ్మాయిలే ఎక్కువ. మరి ఇంకా ప్రత్యేక నిధి ఎందుకు? సీటు రావడం వేరు, దాని ఖర్చు ఎవరో ఒకరు భరించడం వేరు. దగ్గర్లోనే ఉండి, తక్కువ ఖర్చుతో పూర్తయ్యే కోర్సైతే అమ్మాయిని చాలా ఇళ్లలో చదివిస్తారు. హాస్టలు, దూరం, ఎక్కువ ఏళ్లు అనేసరికి చెయ్యి వెనక్కి పోతుంది. ప్రపంచంలో పరిశోధన చేసేవాళ్లలో ఆడవాళ్లు మూడో వంతు దగ్గరే ఆగారంటే అందులో ఈ చెయ్యి పాత్ర చాలానే ఉందని నా నమ్మకం.

అందుకే విడిగా ఉంచే డబ్బు కుటుంబం చెయ్యి వెనక్కి తీసుకునే చోటే ఉండాలి: హాస్టలు, భోజనం, పైచదువు, చదువు మధ్యలో కాన్పు వస్తే ఆ విరామం. పెళ్లయిందని రెన్యువల్ ఆపే రూలు ఎక్కడున్నా చింపేయాలి. అంతే తప్ప, ఎలాగూ చదివించే ఇళ్ల అమ్మాయిలకు "ఇంజనీరింగ్‌లో ప్రోత్సాహం" అని ఒక షీల్డూ కాస్త డబ్బూ ఇస్తే దానికి నేను సాయం అనే పేరు పెట్టను. నర్సింగ్‌లో మగపిల్లలు తక్కువ కదా, వాళ్లకూ కేటాయించాలా అంటారు కొందరు. వాళ్లను ఆపుతున్నది డబ్బు అయితే తప్పకుండా ఇవ్వండి. నేను చూసినంతలో ఆపేది తోటివాళ్ల వెటకారం. దానికి చెక్కు రాసిస్తే ఏం లాభం?

ఇక ఆ పేదింటి అబ్బాయి. అమెరికాలో చదువుల్లో లింగవివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం కింద ఒక పద్ధతి ఉంది, నాకు చాలా ఇష్టం. ముందు ఆడా మగా చూడకుండా అర్హుల జాబితా ఒకటి తయారు చేస్తారు, ఎవరికి ఎంత అన్నది అక్కడే తేలుతుంది. ఆ తర్వాతే ఎవరికి ఏ నిధి నుంచి ఇవ్వాలో సర్దుతారు. దాత "అమ్మాయిలకే" అని రాసి ఉంటే ఆ డబ్బు జాబితాలో ఉన్న అమ్మాయికి వెళ్తుంది, ఆమెకు జనరల్ ఫండ్ నుంచి ఇవ్వాల్సింది మిగులుతుంది. మిగిలినది అబ్బాయికి. ఇలా చేస్తే ఎండోమెంట్ వల్ల అతనికి పోయేదేం లేదు, వచ్చేదే ఉంది. ఈ మధ్య అక్కడ ఫిర్యాదులు పెరిగి చాలా యూనివర్సిటీలు "మహిళలకు మాత్రమే" అన్న మాటే తీసేస్తున్నాయి. ఆ సర్దుబాటు శ్రద్ధగా చేసుకుంటే అంత దూరం పోవాల్సిన పని లేదని నా లెక్క. చిక్కల్లా జాబితాలో ఒక్క ఆదాయాన్నే చూడటం దగ్గరుంది. ఆ గడిలో గీత ఉన్నవాళ్లకు, అది ఆడపిల్లైనా మగపిల్లాడైనా, నేనైతే పైన చోటిస్తాను.

మీకు నిజంగా ఆ అబ్బాయి మీద బెంగ ఉంటే మీ యూనివర్సిటీ స్కాలర్‌షిప్ సెక్షన్‌కి వెళ్లి, పోయిన ఏడాది జనరల్ ఫండ్‌లో ఖర్చు కాకుండా ఎంత మిగిలిందో అడగండి. మా దగ్గరైతే ఏటా మిగిలేది. నోటీసు సెలవులకు ముందు రోజు సాయంత్రం అంటించేవాళ్లు, సెలవులు అయ్యేసరికి గడువు కూడా అయిపోయేది.