పాదం మీది గడ్డను కోయించే ముందు

చీలమండ పక్కన చింతగింజంత గడ్డ ఉంది, నొప్పి లేదు, తీయించేస్తే సరిపోతుందా అని అడిగారు. తీయించే ముందు అదేమిటో తేల్చుకోండి. నేను డాక్టరును కాను, ఒకడికి అన్నను.

మా తమ్ముడికి 24 ఏళ్లప్పుడు కుడి చీలమండ లోపలి వైపు ఉసిరికాయంత గడ్డ లేచింది. వాలీబాల్ ఆడేవాడు కదా, బెణుకు అనుకున్నాం. అమ్మ ఉప్పు కాపడం పెట్టింది. అలా ఏడాదిన్నర గడిచింది. చివరికి మా పట్టణంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో నీటి బుడగ అని చెప్పి సూది గుచ్చి లాగారు. ఒక్క చుక్క రాలేదు. కీళ్ల దగ్గర వచ్చే ఆ నీటి బుడగే (గ్యాంగ్లియన్) అయితే జిగురులాంటి ద్రవం రావాలి. అక్కడే ఆగి ఆలోచించవలసింది పోయి, గట్టిపడిందని అరగంటలో కోసి తీసేశారు. ఆ ముక్కను స్టీలు ట్రేలో నాకు చూపించారు. తెల్లగా, చేప కండలా ఉంది. పరీక్షకు పంపుతారా అని అడిగాను. "కొవ్వు గడ్డకు పరీక్ష దేనికండీ?" అన్నారు. నేను ఊరుకున్నాను. ఆ ట్రే ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోలేదు.

ఎనిమిది నెలలకు అదే చోట మళ్లీ వచ్చింది. హైదరాబాదులో చూసిన సర్జన్ ముందు గదిలో లైట్లు ఆర్పించి, గడ్డకు టార్చి ఆనించారు. నీరుంటే వెలుగు లోపలికి పాకుతుంది. ఇది చీకటిగానే ఉంది. తర్వాత ఎక్స్‌రే, ఎం.ఆర్.ఐ., ఆపైన లావు సూదితో ముక్క తీసి పరీక్ష. సైనోవియల్ సార్కోమా అని తేలింది. వయసులో ఉన్నవాళ్లకు, తరచుగా కీళ్ల దగ్గర, ఏళ్ల తరబడి నిదానంగా పెరగగల కాన్సర్ అది. అందుకే బెణుకులా, బుడగలా నమ్మిస్తుంది.

ఆ సర్జన్‌కు ఎక్కువ బాధ కలిగించింది నర్సింగ్ హోమ్‌లో పెట్టిన పాత గాటు. అడ్డంగా కోశారు. కత్తి వెళ్లిన దారంతా కాన్సర్ కణాలు చేరి ఉండవచ్చు కనుక ఆ మచ్చనూ, చుట్టూ ఉన్న చర్మాన్నీ తీసి, తొడ చర్మం తెచ్చి వేయవలసి వచ్చింది. తర్వాత రేడియేషన్. నిలువు గాటు అయితే ఇంత పోయేది కాదు. ముక్క పరీక్షకు సూది ఎక్కడ దిగాలో కూడా చివరి ఆపరేషన్ చేసే సర్జనే నిర్ణయించాలని ఆయన గట్టిగా చెప్పారు.

గడ్డ ఐదు సెంటీమీటర్లు దాటితేనే కాన్సరని అనుమానించాలని ధైర్యం చెప్పేవాళ్లు ఉన్నారు. తొడకు ఆ లెక్క చెల్లుతుందేమో, చోటే లేని పాదానికి చెల్లదు. మావాడిది మూడు కూడా లేదు.

పాదం గడ్డల్లో ఎక్కువ భాగం హాని లేనివే. అరికాలి ఫైబ్రోమా (నారలాంటి కణజాలం గట్టిపడిన గడ్డ), ముల్లు దిగిన చోట కట్టిన తిత్తి, గౌట్ గడ్డ (యూరిక్ యాసిడ్ పేరుకుని కట్టేది) ఏదైనా కావచ్చు. చెప్పులు లేకుండా పొలంలో తిరిగేవారికి మదురా పాదం రావచ్చు, అంటే మట్టిలోని ఫంగస్ లేదా బాక్టీరియా గాయం గుండా చేరి పాదాన్ని గడ్డకట్టించే జబ్బు. 1842లో మదురైలో గుర్తించిన జబ్బు కనుకే ఆ పేరు. అయినా మన దగ్గర చాలామంది డాక్టర్లు రోగి ఏ పని చేస్తాడో అడగనే అడగరు!

మీది మామూలు గడ్డే అని తేలి తీయించుకున్నా సరే, ఆ ముక్కను, అది పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం ఉన్న సీసాలో వేసి, మీ పేరు రాసి, ల్యాబుకు పంపేదాకా మీ ఇంటివాళ్లను అక్కడి నుంచి కదలవద్దని చెప్పండి.